ఆనపపాదు మీదుగా గేదెల దారి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మొదటి మర్యాద గేదెలకి, రెండోది వాటిని మేపే మా నాయనమ్మకి, ఇంకా ఏమైనా మిగిలితే మాకు. అందులో తప్పేమీ లేదు. తాతయ్య పోయాక ఇల్లు నడిచింది వాటి పాల మీదే. గజపతినగరానికి అవతల, గెడ్డ ఒడ్డున ఉండేది మా ఊరు. వాగుని మావైపు గెడ్డ అంటారు.

వేసవిలో మా గెడ్డ పేరుకే గెడ్డ. ఎగువన ఒక మడుగు, దిగువన మలుపులో ఇంకో మడుగు, మధ్యంతా ఇసుక. ఆ ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళని చిప్పతో తోడుకుని కింద వీధి వాళ్ళు తాగేవారు. కుళాయి కూడా ఉండేది. ప్రారంభోత్సవం రోజున అందులో నీళ్ళు వచ్చాయని చూసినవాళ్ళు చెప్పేవారు. మా గేదెలు ఎగువ మడుగులో మధ్యాహ్నమంతా పడుకుని, చెయ్యాల్సినవన్నీ అక్కడే చేసి, తీరిగ్గా లేచి వచ్చేవి. మా పెంటకుప్ప కూడా ఆ ఒడ్డునే.

ఒక వేసవిలో, కింద వీధిలో ఉండే మా వరస అత్త కూతురికి విరేచనాలు పట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్ళాల్సొచ్చింది. పిల్ల కోలుకుని ఇంటికొచ్చిన రోజే అత్త మా గుమ్మంలో నిలబడింది.

"నీ గేదెలు తానమాడిన నీళ్ళు నా పిల్ల తాగాలేటి పిన్నీ?"

"అయితే వాటిని సంకనెత్తుకుని తిరగమంటావేటే? నీళ్ళలో పడుకోకపోతే గేది పాలెలాగిస్తాది?"

ఇద్దరూ నిజమే చెప్పారు. అందుకే గొడవ అంతసేపు సాగింది. చివరికి ఊరి పెద్దలు కూర్చుని, గేదెలు గెడ్డలో దిగకూడదన్నారు. నాయనమ్మ చచ్చిపోతానంది. ఆవిడ అంతకుముందు చాలాసార్లు చచ్చిపోయింది కాబట్టి మేం కంగారుపడలేదు.

కంగారు తరవాత మొదలైంది. శాలలో కట్టేసిన గేదెలు ఎండకి రొప్పేవి. మా నుయ్యి అడుగంటింది. ఎన్ని బిందెలు పోసినా వాటి వీపు చల్లబడేది కాదు. పాలకేంద్రానికి వెళ్ళే క్యాను రోజురోజుకీ తేలికైంది. ఒకనాడు నాయనమ్మ అరవకుండా, చచ్చిపోతాననకుండా, పెద్ద గేదెని సంతకి తోలేస్తానని మెల్లిగా అంది. అప్పుడు భయమేసింది.

అత్త పిల్లకి పాలు మా ఇంటి నుంచే వెళ్ళేవి. తగాదా పెద్దవాళ్ళది, పాలు పిల్లవి అని నాయనమ్మ లెక్క. ఆ సాయంత్రం నేను ఖాళీ చెంబుతో వెళ్ళి, పాలు చాల్లేదని, పెద్ద గేదె సంతకి పోతుందని చెప్పాను. అత్త తన పెరటి దడి వైపు చూసింది.

దిగువ మడుగు చెలమలకి కింద ఉంది. అక్కడ గేదెలు పడుకుంటే చెలమలకి ఏమీ కాదు. కానీ ఒడ్డంతా మొగలి పొదలు. ఉన్న ఒక్క దారీ అత్త పెరట్లోంచే. తెల్లారి చూస్తే ఆవిడే కత్తి పట్టుకుని తన దడి నరుకుతోంది.

గేదెలకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. విప్పగానే పాత మడుగు వైపే నడిచాయి. నాయనమ్మ నడుం మీద చెయ్యేసుకుని, "సూసావా? దానికి నీ దారులు తెలవవే" అంది. అందులో కొంచెం సంతోషం కూడా ఉంది.

"దానికేటి తెలుసో నాకు తెలుసు పిన్నీ" అని అత్త లోపలికెళ్ళి, తవుడు కలిపిన కుడితి గోలెం తెచ్చి పెరట్లో పెట్టింది. పెద్ద గేదె ముక్కెత్తి వాసన చూసింది. పెద్దల తీర్మానానికి లొంగనిది కుడితికి లొంగింది. వెనకే మిగతావన్నీ. వెళ్తూ వెళ్తూ పెద్ద గేదె, దడి పక్కనున్న అత్త ఆనపపాదుని కాయలతో సహా తినేసింది.

"ఓలమ్మ! కూరకి ఒక్కటైనా ఉంచావు కాదే" అని అత్త నెత్తి కొట్టుకుంది. దడి మాత్రం మళ్ళీ కట్టలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ గంప పట్టుకుని, గెడ్డ ఒడ్డున ఉన్న పెంటకుప్పని మా ఇంటి వెనక గోతిలోకి మొయ్యడం మొదలెట్టింది. ఎందుకని అడిగాను. "ఈగలొత్తన్నాయి" అంది. ఆ ఈగలు నేను పుట్టకముందు నుంచీ ఉన్నవే.

ఇప్పుడు ఎవరైనా లేచి, ఫలానాది ఆపెయ్యాలని గట్టిగా అంటే నేను వెంటనే చప్పట్లు కొట్టను. దానికి బదులు దారివ్వడానికి వాళ్ళ పెరటి దడి ఎక్కడ తెరుస్తారా అని చూస్తాను. నాకే అలా అనాలనిపించినప్పుడు మాత్రం, దారిస్తే పోయే నా ఆనపపాదు ముందు గుర్తొస్తుంది. నోరు దానంతటదే కాస్త నెమ్మదిస్తుంది.