మోదుగ చెట్టు కింద జపాన్

నాకు ఏదైనా నచ్చితే పక్కవాళ్లకు కూడా నచ్చేదాకా ఊరుకోను. మా ఇంట్లో దీన్ని రోగమంటారు. ఆ ఏడు నాకు పట్టిన రోగం హైకూ. జపాన్ వాళ్ల చిన్న కవిత. మూడే పాదాలు, ఐదు, ఏడు, ఐదు అక్షరాలు, అందులో ఏ కాలమో తెలిపే ఒక ఆనవాలు. జనగామలో బస్సెక్కింది మొదలు తొర్రూరులో దిగేదాకా వేళ్ల మీద అక్షరాలు లెక్కపెడుతూనే ఉండేదాన్ని. ఒకరోజు పక్క సీటు అవ్వ నేను జపం చేస్తున్నాననుకుని భక్తిగా జరిగి చోటిచ్చింది.

తొర్రూరు నుంచి ఆటోలో పోతే మా బడి. అందరూ లంబాడా తండా పిల్లలే. ఇంట్లో తమ భాష, బడిలో తెలుగు. ఒత్తులే సరిగా రాని పిల్లలకు జపాన్ ఎందుకని హెడ్‌మాస్టర్ నవ్వారు. అయినా శనివారం ఆఖరి పీరియడ్ ఇచ్చారు. నాకదే పదివేలు.

జపాన్ వాళ్లు చెప్పులతో ఇంట్లోకి రారని చెప్పగానే పిల్లలు గుమ్మం బయట వరసగా ఉన్న తమ చెప్పుల వైపు చూసుకుని, అచ్చం మన లెక్కనే అని మురిసిపోయారు. వంగి పలకరించడం నేర్పితే వారమంతా బడిలో వంట చేసే అక్కకు వంగి వంగి దండాలు పెట్టి ఆమెను పరేషాన్ చేశారు. తర్వాత చెర్రీ పూల బొమ్మ చూపించాను. ఆ చెట్లు పూసినప్పుడు కింద చాపలు వేసుకుని, అందరూ కలిసి తింటూ పూలు చూస్తారని చెప్పి, కవిత కట్టమన్నాను. అందరి కవితల్లోనూ కేకు వచ్చింది. పుట్టినరోజు కేకు మీది ఎర్ర ముక్కే వాళ్లకు తెలిసిన చెర్రీ మరి. కడుపుబ్బ నవ్వాను. నవ్వుతూ కిటికీలోంచి చూస్తే బడి వెనక గుట్టంతా మోదుగలు పూసి ఉన్నాయి. వచ్చే శనివారం చాపలు తీసుకుని అక్కడికే పోదామన్నాను. పిల్లల కేకలకు పక్క క్లాసు సారు పరుగెత్తుకొచ్చారు.

నాలుగో తరగతిలో ఒక పిల్ల మాత్రం కేక వేయలేదు. ఆమె బడిలో నోరు విప్పగా నేను ఎన్నడూ చూడలేదు. వాళ్లమ్మ ఏటా ఖమ్మం వైపు మిర్చి ఏరడానికి పోతుంది. ఈసారి మళ్లీ పోతూ బిడ్డను కూడా వెంట తీసుకుపోతానంది. కూలీల ట్రాక్టరు వచ్చేది ఆ శనివారమే. పిల్ల పోతే ఆ ఏటి చదువు పోయినట్టే. తండాకు పోయి, నానమ్మ ఉంది కదా, ఆమె దగ్గర వదిలిపెట్టమని తల్లితో పోట్లాడినంత పని చేశాను.

"ఇస్కూల్ల నోరే తెర్వదాయె మేడం. ఈడుండి ఏం జేస్తది?" అంది తల్లి.

ఉడుక్కుంటూ ఇంటికి పోయాను.

శనివారం మోదుగ కింద చాపలు పరిచాం. సద్దులు విప్పాం. చెట్టు మీద ఆకు కనబడకుండా ఎర్రటి పూలు. మొదటి పాదానికి ఒక చేయి, నడిమి పాదానికి రెండో చేతి నుంచి రెండు వేళ్లు బదులు తెచ్చుకోవాలి, చివరికి మళ్లీ ఒక్క చేయి అని నేర్పాను. బర్రె మీద, కోడిపుంజు మీద, నా కళ్లద్దాల మీద కూడా కవితలు పుట్టాయి. నాకు ఒకచోట కాలు నిలవలేదు.

ఆ పిల్ల మాత్రం రాలిన పూలు ఏరుకొచ్చి చాప మీద వరసలుగా పేరుస్తోంది. ఐదు, ఏడు, ఐదు. అప్పుడే కింద ట్రాక్టరు హారన్ మోగింది. తల్లి గుట్టెక్కి వచ్చి బిడ్డ చేయి పట్టుకుంది. పిల్ల చేయి విడిపించుకుంది. ఒక్కొక్క పువ్వు మీద వేలు పెడుతూ, ఒక్కొక్క అక్షరమే పలికింది.

మోదుగపూలు
మిర్చి ఏరిన అమ్మ
చేతుల మంట

ఒళ్లంతా పులకరించింది. తల్లి తమ భాషలో ఏదో అడిగింది, పిల్ల మళ్లీ చెప్పింది. తల్లి తన రెండు చేతులనూ కొంగు కిందికి లాక్కుంది.

"నువ్వు చెప్పిచ్చినవా మేడం?"

"నేను కాదమ్మా. మొత్తం ఆమెదే."

ఆమె పూల వరసల వైపు చూసింది.

"నానమ్మ తాన ఉంటది తియ్యి. నేనొచ్చేటాలకు ఇంకిన్ని చెప్పాలె."

నేను టీచర్‌నన్న సంగతి మరిచిపోయి పిల్లలతో కలిసి చప్పట్లు కొట్టాను. తల్లి గుట్ట దిగి, కూలీల మధ్య ట్రాలీలో కూర్చుంది. బండి కదిలేసరికి ఆమె పెదవులు ఆడుతున్నాయి. కొంగులోంచి బయటికి తీసిన చేతుల వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటోంది. ఒకటో పాదం అయింది. రెండో పాదంలో ఆరో వేలు దగ్గర ఆగిపోయింది.

ఎన్నడూ నోరు విప్పని పిల్ల గుట్ట మీది నుంచి ఒక వేలు పైకెత్తి ఊపుతూ, తమ భాషలో గొంతు చించుకుని అరిచింది.

"అమ్మా, ఇంకో వేలు!"