చిన్నపింజర పనితనం

పాము కరిచిన మనిషికి మా ఊళ్లో మొదట వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని, చప్పగా ఉంటే ఎక్కిందని లెక్క. అమ్మను చిన్నపింజర కరిచిన రోజు ఆ లెక్క మా ప్రాణాల మీదికి తెచ్చింది.

పీకి ఆరబెట్టిన వేరుశనగ చెట్లను కుప్పలోంచి ఎత్తుతుండగా అమ్మ చూపుడువేలి మీద కాటు పడింది. చిన్నపింజర అంటే పెద్ద పామేమీ కాదు, జానెడో మూరెడో ఉంటుంది. మా రాళ్ల నేలలో రాయి రంగులోనే కలిసిపోతుంది. కోపం వస్తే మెలికలు తిరిగి, పొలుసులు ఒకదానికొకటి రాస్తూ బరబరమని చప్పుడు చేస్తుంది. అమ్మ ఆ చప్పుడు విన్నదట గానీ ఎండిన ఆకుల చప్పుడనుకుంది.

నేను ఉరవకొండలో బడిపిల్లలకు సైన్సు చెబుతాను. ఆ ఆదివారం ఇంటికి వచ్చి ఉన్నాను. గోల విని బయటికి వచ్చేసరికి అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి పక్కింటి అవ్వ వేపాకు నమిలిస్తోంది.

"ఎట్లుండాది మే?"

"చేదే ఉండాది లే అత్తా."

"ఇంకేమప్పా, ఇసం ఎక్కలేదు. వట్టి కాటే" అని అవ్వ తేల్చేసింది. నాయన హమ్మయ్య అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వేలు కాస్త వాచింది తప్ప అమ్మ కూడా మామూలుగానే ఉంది. కాఫీ పెట్టమని నాకే పురమాయించింది.

నాకు ఒళ్లు మండింది. నా కోపం సంగతి ఊళ్లో అందరికీ తెలుసు గనక ఎవరూ పట్టించుకోలేదు. వేపాకు లెక్కలో అసలు అర్థమే లేదని నేను అనను. నాగుపాము, కట్లపాము విషం నరాలను పట్టుకుంటుంది, నోరు మొద్దుబారితే రుచి తెలియకపోవచ్చు. పింజర దారి వేరు. అది రక్తం మీద పడుతుంది. మనిషి లోపల ఎంత పాడైపోతున్నా నాలుక మాత్రం చేదును చేదనే చెబుతుంది. ఇదంతా విడమర్చి చెబుదామని నోరు తెరిచేలోగా అమ్మ నమిలిన ఆకును పక్కకు ఉమ్మింది. ఆ పచ్చటి పిప్పిలో ఎర్రటి జీర కనిపించింది.

"నాయనా, బండి తీయి!" అని అరిచాను.

"చేదు తెలుస్తాండాది కదా పాపా, ఎందుకంత ఆత్రం?"

"తెలిస్తే తెలిసింది. పండ్లలోంచి నెత్తురు వస్తాండాది, కనపళ్లేదా నీకు?"

అవ్వ నొచ్చుకుంది. "సదువుకున్నోళ్లకు మా మాట యాడ పడతాది లే" అని మూతి తిప్పుకుంది. అవ్వను తర్వాత బతిమాలుకోవచ్చులే అనుకుని, అమ్మను బండి మీద నాకూ నాయనకూ మధ్య కూర్చోబెట్టుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాకంటే చిన్నది. అమ్మ చేతిలోంచి కాస్త రక్తం తీసి, శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ కదపకూడదని చెప్పింది. అయ్యాక గొట్టాన్ని మెల్లగా వంచింది. ఈపాటికి ముద్దగా గడ్డకట్టి నిలవాల్సిన రక్తం నీళ్లలా ఒక వైపుకు పారింది. సైన్సు టీచరునని చెప్పుకుని దగ్గరికి వెళ్లాను.

"విషం రక్తాన్ని పలచన చేసేసిందా?" అని అడిగాను.

"పలచన కాదు టీచర్ గారూ. గడ్డకట్టించింది. ఒంట్లో అక్కడా ఇక్కడా అక్కర్లేని గడ్డలు కట్టించి, ఉన్న సరుకంతా ఖర్చు చేసేసింది. ఇప్పుడు నిజంగా అవసరమైన చోట కట్టడానికి ఏమీ మిగల్లేదు. మందు ఎక్కిస్తున్నాం. ఒళ్లు మళ్లీ ఆ సరుకు తయారు చేసుకుంటే గండం గడిచినట్టే."

అంత భయంలోనూ 'ఎంత పనితనం!' అనిపించింది. అమ్మ మంచం పక్కన నిలబడి, అమ్మ ప్రాణం తీస్తున్నదాన్ని మెచ్చుకోవడం సిగ్గుగానే ఉంది. అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి? రక్తం గడ్డకట్టడం ఎన్నో అంచెల తతంగం. పిల్లలకు చెప్పాలంటే బోర్డు నిండా బాణాలు గీస్తాను. ఈ జానెడు పాము విషంలో ఒక ప్రోటీన్ ఆ అంచెలన్నీ దాటేసి చివరి మెట్ల దగ్గర నేరుగా పని మొదలుపెడుతుంది. ఎవరు నేర్పారు దానికి!

గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి చేసిన మందు అమ్మ చేతిలోకి చుక్క చుక్కగా దిగుతోంది. అది కూడా కొందరికి పడదట. అందుకని డాక్టరమ్మ అక్కడే నిలబడింది. నా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చింది. ఆ ప్రోటీన్‌ను రక్త పరీక్షల్లో వాడతారట. అదే పాము విషంలో ఇంకో ముక్క రక్తకణాలను ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. దాని ఆకారం చూసి, గుండెపోటు వచ్చినవాళ్ల రక్తనాళాలు మూసుకుపోకుండా ఎక్కించే మందును తయారుచేశారట. కోరల్లోంచి విషం పిండి, అందులో ఏ ముక్క ఏం చేస్తుందో ఓపికగా విడదీసినవాళ్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను. చంపే పనిలోంచి బతికించే పనిని ఏరుకోవడం ఎంత గొప్ప!

కానీ ఆ గొప్పంతా నాకు అమ్మ తర్వాతే. సాయంత్రం మళ్లీ తీసిన రక్తం కూడా గొట్టంలో పారింది. సూది గుచ్చిన ప్రతి చోటా దూది మీద దూది పెడుతున్నా తడుస్తూనే ఉంది. ఇంకో విడత మందు ఎక్కించారు. బయట బల్ల మీద నాయన ఏమీ తినకుండా కూర్చుని, కనిపించిన ప్రతివాళ్లతో "చేదు తెలిసినాది కదన్నా, చేదు తెలిసినాది" అంటున్నాడు. కోప్పడాలని దగ్గరికి వెళ్లి, కోప్పడలేక పక్కన కూర్చున్నాను.

మరునాడు పొద్దున డాక్టరమ్మ వచ్చి, "రక్తం గడ్డకడుతోంది" అంది. నేను నమ్మలేదు. కళ్లతో చూస్తే గానీ నమ్మే రకం కాను. కాసేపటికి నర్సు వచ్చి, మందు ఎక్కించే సూది ఉన్న చోట వాచిందని, ఇంకో చేతికి మార్చడానికి దాన్ని తీసేసి, ఆ చోట దూది అదిమి పట్టుకోమని నాకు చెప్పి వెళ్లింది. అదిమి పట్టుకున్నాను. తర్వాత భయం భయంగా ఎత్తి చూశాను. దూదికి ఒక్క చిన్న చుక్క అంటుకుంది. చర్మం మీద మళ్లీ ఏమీ ఊరలేదు. చూస్తూ ఉండిపోయాను. అయినా ఊరలేదు.

గట్టిగా ఏడ్చేశాను. పక్క మంచాల వాళ్లంతా లేచి చూశారు.

"సూది తీసింది నాకు కదా, నువ్వెందుకే ఏడుస్తాండావు?" అని అమ్మ గదమాయించింది.

"నెత్తురు ఆగిందమ్మా."

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ఆగక ఏం చేస్తాదే? ఎప్పుడూ ఆగేదే కదా."