పదమూడో పిరోగీ

మెలానియా హ్రిట్స్కోకి తెలియకుండా ఊళ్ళో ఏదైనా జరిగితే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మంట నాకు తెలిసినంతగా ఆమె మొగుడికి కూడా తెలియదు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసి తప్పించుకున్నాడు. నేను మాత్రం చర్చి కింది గదిలో ఆమె పక్కనే నిలబడి పిరోగీలు ఒత్తుతున్నాను, ఎన్నేళ్ళుగానో.

ఈస్టరు ముందు ఉపవాసాల రోజుల్లో మా ఊరివాళ్ళు శుక్రవారం మాంసం ముట్టరు. బంగాళాదుంప, జున్ను కూరి మేం చేసే పిరోగీల కోసం చర్చి మెట్ల మీదుగా వంతెన దాకా వరుస కడతారు. అంచులు కజ్జికాయలా గట్టిగా ఒత్తాలి. ఉడుకుతుండగా ఒక్కటి విచ్చుకున్నా, అది ఎవరి చేతిదో మెలానియా ఇట్టే పట్టేసి, పేరు పెట్టి మరీ చెప్పేది. నా పేరు చాలాసార్లే వినిపించింది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక, బడి క్యాంటీన్లో వంట చేస్తూనే ఆమె కాలేజీ సాయంత్రం తరగతుల్లో చేరి జమాఖర్చుల లెక్కలు రాయడం నేర్చుకుంది. కాలేజీ అసలు భవనం కొండ అవతల ఉంది. మాకున్నది పాత బ్యాంకు మేడలో చిన్న శాఖ మాత్రమే. ఆమెకిచ్చిన సర్టిఫికెట్టు ఇప్పటికీ పొయ్యి పైన గోడకు వేలాడుతూ ఉంటుంది, అద్దమంతా నూనె జిడ్డు. దాన్ని తుడవబోతే ఊరుకోదు.

రెండేళ్ళ క్రితం పక్కింటావిడను వంట కోర్సులో చేర్పించడానికి తీసుకెళితే, తలుపుకి తాళం, తాళం పైన ఒక కాగితం. కోర్సు ఎత్తేశారట. పాలకమండలి ఆ నిర్ణయం ఎప్పుడో చేసిందట, అదీ ఎవరైనా వచ్చి కూర్చోగలిగే సమావేశంలో. ఎవరూ వెళ్ళలేదు. ఆ సమావేశాలకు వెళ్ళే విలేకరిని మా పత్రిక వ్యాలీ సిగ్నల్ ఖర్చు భరించలేక అప్పటికే ఇంటికి పంపేసింది.

"మన ఊరి కాలేజీలో ఏం చేస్తున్నారో తాళం చూసి తెలుసుకోవాలా?" అని మెలానియా వారం రోజులు పిండి మీద కసి తీర్చుకుంది. ఆ వారం పిరోగీలు భలే మెత్తగా వచ్చాయి. ఆ తర్వాత మా అందరినీ కూర్చోబెట్టి, చర్చి పైకప్పు ఇంక కారడం లేదు కాబట్టి, దాని మరమ్మతుకు పోయే పిరోగీల రాబడి కాలేజీ వార్తలు రాసే విలేకరి జీతానికి ఇద్దామంది. ఊరు ఎంత పోగుచేస్తే తానూ అంత కలుపుతానని పిట్స్‌బర్గ్‌లో ఒక దాతృత్వ సంస్థ ఒప్పుకుంది. ప్రతి ఏడాదీ ఈస్టరు ముందు మేం చేతులెత్తి ఓటేస్తేనే తర్వాతి ఏడాదికి జీతం.

పత్రిక సంపాదకుడు లెనార్డ్ మా గదికొచ్చి, డబ్బు తీసుకుంటాం గానీ మాట తీసుకోం అని నెమ్మదిగా వివరించాడు. ఏం రాయాలో, ఏం రాయకూడదో దాతలు చెప్పకూడదట. "వండించేది మేమే, ఉప్పు సంగతి మాత్రం ఎత్తకూడదన్నమాట," అంది మెలానియా. ఆయన అవునన్నాడు. ఆమె గొణుక్కుంటూనే సంతకం పెట్టింది. అప్పట్నుంచి ప్రతి కాలేజీ వార్త కింద 'పిరోగీ ఆడవాళ్ళ సాయంతో' అని అచ్చయ్యేది. మేం ముందు దాన్నే చదివేవాళ్ళం.

అలా వచ్చిన విలేకరి కోరిన్ టేట్. క్లీవ్‌లాండ్ పిల్ల, బక్కగా ఉంటుంది, మొహమాటం లేదు. మొదటి శుక్రవారం డజను పిరోగీలు కొనుక్కుంటే మెలానియా ముద్దుగా పదమూడు వేసింది. ఆ పిల్ల డబ్బా తెరిచి చూసి, దాతల దగ్గర ఊరికే ఏమీ తీసుకోకూడదమ్మా అని ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. మెలానియా మొహం కందగడ్డయింది. తన చేతి పిరోగీని వెనక్కిచ్చినవాళ్ళు అంతకుముందు లేరు. పంతానికి పోయి ప్రతి శుక్రవారం పదమూడు వేసేది. ఆ పిల్లా ప్రతి శుక్రవారం ఒకటి తీసి పెట్టేది.

ఈ ఏడాది ఓటుకు ముందు పత్రికలో పెద్ద వార్త వచ్చింది. మా శాఖ కళకళలాడుతోందని కాలేజీ అధ్యక్షుడు గ్రెగ్ వొలాన్స్కీ ఎక్కడికెళ్ళినా చెబుతుంటే, కోరిన్ సాయంత్రాలు వెళ్ళి కూర్చుని, సగం గదుల్లో దీపాలే వెలగడం లేదని రాసింది. మెలానియా పత్రికను బల్లకేసి కొట్టింది. పిండి లేచి నా కళ్ళజోడు మీద పడింది. శాఖ మూసేయడానికి మనమే డబ్బిచ్చి మరీ సాకు చూపించినట్టయిందని, ఈసారి తన చెయ్యి లేవదని చెప్పేసింది. ఆమె చెయ్యి లేవకపోతే మిగతావాళ్ళవీ లేవవు. నాకు ఆ పిల్ల మీద జాలేసింది. మెలానియా మీద కోపమూ వచ్చింది.

ఓటు రోజు మధ్యాహ్నం గ్రెగ్ స్వయంగా దిగాడు. చిన్నప్పుడు మా చర్చిలో గంట కొట్టినవాడే. టై భుజం మీద వేసుకుని ఒక ప్లేటు తిన్నాడు, మెచ్చుకున్నాడు, తర్వాత మెలానియా పక్కన చేరాడు.

"మీకూ నాకూ కావలసింది ఒకటే, మెలానియా గారూ. ఆ శాఖ ఉండాలి. ఆ అమ్మాయి ఇంకోటి రాస్తోందట. మీరొక్క మాట చెబితే ఆగుతుంది."

మెలానియా చెయ్యి తుడుచుకుంది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. పొద్దుట్నుంచీ ఆమె అంటున్నదీ అదే.

"అసలు తను రాయకపోతే ఆ గదుల సంగతి ఎవరికీ తెలిసేదే కాదు కదా," అన్నాడు గ్రెగ్.

అక్కడ చెడింది పాపం. మెలానియా అతని వైపు తిరిగింది.

"ఏమన్నావు నాయనా? ఎవరికీ తెలిసేది కాదా? ఒకరోజు మళ్ళీ తాళం చూసి తెలుసుకునేదాన్నన్నమాట."

"అలా అని కాదండీ..."

"ఆ పిల్ల రాసింది చదివితే నాకు కడుపు మండింది. మండనీ. నువ్వు దాచి ఉంటే మండడానికి కూడా నాకేమీ తెలిసేది కాదు. వెళ్ళు, వరుసలో జనం ఉన్నారు."

అతను డబ్బు చెల్లించి వెళ్ళాడు, అంతవరకు మర్యాదస్థుడే.

కాసేపటికి కోరిన్ వచ్చింది. ఇవాళ ఓటని తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే డజను అడిగింది. రాయబోయేదేమిటని మెలానియా అడగలేదు. పెదాలు బిగబట్టి ఎంత అవస్థ పడిందో నేను చూశాను. డబ్బాలో పదమూడు వేసి ఇచ్చింది. ఆ పిల్ల మూత తెరిచి, నిట్టూర్చి, ఒకటి తీసి బల్ల మీద పెట్టి, డబ్బుల సీసాలో పన్నెండింటి ఖరీదు వేసి బయల్దేరింది.

మెలానియా ఆ పిరోగీని ఎత్తి, రెండు కొరుకుల్లో నమిలి మింగింది.

"మన ఒక్క పిరోగీకే లొంగని పిల్ల," అంది మాతో, "ఇంకెవరికి లొంగుతుందే? ఎత్తండి చేతులు."

ముందు ఆమె చెయ్యే లేచింది. తర్వాత నాది, ఆ వెనక అందరివీ, మోచేతుల దాకా పిండితో తెల్లగా. తలుపు దగ్గర కోరిన్ ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. ఇన్ని చేతులు గాల్లో కనబడేసరికి మేమంతా తనకు టాటా చెబుతున్నామనుకుని, డబ్బా చంకలో పెట్టుకుని తనూ నవ్వుతూ చెయ్యూపింది.