మా మేనత్త ఉంచుకున్న ఎర్రావు

చందుర్తి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నల్లావు కింద కూర్చుని పాలు పిండుతున్నాను. మా ఆయన ఫోన్ ఎత్తి విని, నా వెనక వచ్చి నిలబడ్డాడు. "అత్త పోయిందట" అన్నాడు. నా చేతులు ఆగలేదు. ఆవు చేపిన పాలు మధ్యలో వదిలేస్తే పొదుగు గట్టిపడుతుందని, ఎంత పని ఉన్నా చివరి ధార దాకా పిండాలని నాకు నేర్పింది ఆమే. పిండడం అయ్యాక గిన్నె గోడ పక్కన పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆమె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. చందుర్తి దగ్గర ఒక పల్లెలో రెండు గదుల ఇల్లు, వెనక రేకుల కొట్టం, అదే ఆమె లోకం. మాది సిరిసిల్లలో మగ్గాల ఇల్లు. పెళ్లయ్యేదాకా ఆమె కూడా మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషే. పశువుల సంగతి అంతా అత్తగారింట్లోనే నేర్చుకుంది.

మా ఆయన పనిచేసే మరమగ్గాల షెడ్డు ఆగిపోయిన ఏడు సంగతి చెప్పాలి. వారానికి రెండు రోజులు పని, తర్వాత అదీ లేదు. నేను బీడీలు చుడుతున్నాను కాబట్టి పొయ్యి వెలుగుతోంది. మా వీధిలో సగం మంది మగవాళ్లు మగ్గాల పనికి భీవండికో, కూలికి గల్ఫ్‌కో పోయారు. మా ఆయన కూడా మస్కట్ పోతానని పాస్‌పోర్టు ఫోటో దిగి వచ్చాడు. ఆ సంగతి ఎవరు చెప్పారో, మర్నాడే అత్త బస్సు దిగింది. చేతిసంచి కింద పెట్టకముందే మా ఆయనను పిలిచింది.

"కొడుకా, మీ మామ పొయ్యేటప్పుడు నేనే రెండు పాలావులను అమ్మి పంపిన. ఆయన పెట్టెల అచ్చిండు. కొట్టం చూస్తే ఖాళీ, ఇల్లు చూస్తే ఖాళీ. గా తప్పు మీరు జెయ్యకుండ్రి. నువ్వు ఈడనే ఉండు, ఆవులు కొందాం."

మామ శవం మస్కట్ నుంచి వచ్చేనాటికి నేను చిన్నపిల్లను. ఆ పెట్టె మీద అత్త చెయ్యి పెట్టి అలాగే కూర్చోవడం మాత్రం గుర్తుంది. మా ఆయన సరే, పాలిచ్చే ఆవునే కొందాం అన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. "మంచిగ పాలిచ్చే ఆవును ఎవలన్న అమ్ముకుంటరా? అమ్ముతున్నరంటే దాంట్ల ఏదో ఉన్నట్టె. పెయ్యలను కొనుండ్రి. ఆలస్యమైతది గని అవి మీ చేతుల్నే పెరుగుతయి, మీ మాటే ఇంటయి" అంది.

కోరుట్ల పశువుల అంగడికి ముగ్గురం కలిసి పోయాం. మా ఆయన చూపంతా నున్నగా మెరిసే వాటి మీద, నుదుటి మీద చుక్క ఉన్నవాటి మీద. అత్త పెయ్యకు ఎదురుగా నిలబడేదే కాదు. వెనక్కి పోయి నడుము వెడల్పు చూసేది. వంగి నాలుగు చన్నులూ సమానంగా ఉన్నాయా, మధ్య ఎడం ఉందా అని చూసేది. నడిపించమనేది. పక్కటెముకల మీది తోలును రెండు వేళ్లతో పట్టి వదిలేది, అది మెత్తగా జారాలి. ఇవన్నీ నచ్చినా బేరం ఆడేది కాదు. "దీని తల్లి ఏడుంది?" అని అడిగేది. తల్లి లేదన్నవాడిని వదిలేసి ముందుకు నడిచేది.

తల్లి ఉందంటే ఆ ఊరికి పోవాల్సిందే. పాలు పిండే వేళ దాకా ఆ ఇంటి అరుగు మీద కూర్చునేది. ఇంటాయన ఏం చెప్పినా తల ఊపేది కానీ, నిజంగా మాట్లాడేది ఇంటామెతోనే. పెయ్య ఒక్కటే పుట్టిందా, ఆవు ఎట్లా చేపుతుంది, తంతుందా, మొదటిసారి ఎప్పుడు ఈనింది, ఈనాక ఎన్నాళ్లకు మళ్లీ ఎదకు వచ్చింది. జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో ఇట్లా మాపటిదాకా కూర్చున్నాక, ఆ ఇంటామె నవ్వి, "పెయ్యను అడిగినట్టు లేదమ్మా, మా బిడ్డను అడగనచ్చినట్టున్నది" అంది. "అంతే గదా, కోడలింటికే తీసుకపోతున్న" అంది అత్త.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. పశువును అమ్మినవాళ్లు దాని మెడలోని పలుపుతాడు ఇవ్వరు. తాడు పోతే పాడి పోతుందని విప్పి ఇంట్లోనే ఉంచుకుంటారు. కొన్నవాళ్లే కొత్త పలుపు తెచ్చుకోవాలి. అందుకని అత్త మా ఆయన మగ్గం దగ్గర మిగిలిపోయిన నూలు పోగులను సంచీలో వేసుకుపోయి, తొడ మీద పేని మూడు పలుపులు చేసింది. తెల్లటి తాళ్లలో అక్కడక్కడ నీలం పోగు. చేతికి మెత్తగా ఉండేవి. ఆ పలుపులతోనే ఒక్కొక్క పెయ్యా మా ఇంటికి వచ్చింది.

మూడోది ఎర్ర పెయ్య. కోరుట్ల అవతల ఒక పల్లెలో దొరికింది. తల్లి ఆవు ఎంత సాధువంటే, పక్కన మేము మాట్లాడుతున్నా కదలకుండా పాలిచ్చింది. అత్త ముఖం వెలిగిపోయింది. ఇంటామెతో మాట్లాడదామని లోపలికి పోయింది. గోడకు దండ వేసిన ఫోటో. కంపెనీ డ్రెస్సులో ఉన్న పడుచువాడు.

"ఏడ పనిజేసేటోడు బిడ్డా?" అని అడిగింది అత్త.

"మస్కట్ల" అంది ఇంటామె. ఇంకా పడుచుపిల్ల.

ఆ తర్వాత అత్త పశువుల మాట ఎత్తలేదు. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని వీపు నిమురుతూ కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. లేచాక ఆ పిల్ల పెయ్య మెడలో తాడు విప్పి గూటానికి తగిలించుకుంది, మేము మా పలుపు కట్టుకుని వచ్చాం.

మొదటి రెండు పెయ్యలూ ఎదకు వచ్చి, చూలు కట్టి ఈనాయి. ఎర్రది అన్నిటికంటే ఏపుగా పెరిగింది కానీ ఎదకు రాలేదు. మేపాం, చూశాం, మందులు పోశాం. చివరికి పశువుల డాక్టరు వచ్చి పరీక్ష చేసి, "దీనితోపాటు కోడెదూడ పుట్టిందేమో కనుక్కోండి" అన్నాడు. కోడెతో కలిసి పుట్టిన పెయ్యకు చాలావరకు గర్భసంచి సరిగా ఏర్పడదట. అత్త ఆ పిల్లకు ఫోన్ చేసింది. "అవునత్తమ్మా, జంట ఈతే. కోడెదూడ బతకలే. జంట పుడితే మంచిదని అందరు అన్నరు" అంది ఆ పిల్ల, అమాయకంగా. అత్త "మంచిదే బిడ్డా, మంచిదే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ సంగతి అత్తకు తెలియనిది కాదు. ఎవరింటికి పోయినా ముందుగా అడిగే మాట అదే. ఆ ఇంట్లో ఫోటో చూశాక మరిచిపోయింది. "ఆమె దాయలే. నేను అడగలే" అని మాత్రం అంది. ఆ పిల్లను ఎవరైనా ఒక మాట అంటే ఊరుకునేది కాదు.

మా ఆయన మనసు మాత్రం విరిగిపోయింది. రెండు ఆవుల పాలతో ఇల్లు గడవడం లేదు, ఎర్రదాని మేత దండగ, ఇక మస్కటే గతి అన్నాడు. ఏజెంటుతో మళ్లీ మాట్లాడాడు. నేను ఏం చేయాలో తెలియక అత్తకు ఫోన్ చేసి ఏడ్చాను. మర్నాడు మా ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో అత్త, అత్త పక్కన ఆమె నల్లావు, నిండు చూలుతో. ఆమెకున్నది ఆ ఒక్క పాడే.

"తప్పు నాది, కొడుకా. ఎర్రదాన్ని నేను తోలుకపోత, గిది మీరు ఉంచుకోండ్రి. నెలల ఈనుతది. నువ్వు మాత్రం ఏడికీ పోకు" అంది. మా ఆయన వద్దు వద్దని ఆటోకు అడ్డం నిలబడ్డాడు. ఆమె వింటే కదా. నల్లావును మా గూటానికి కట్టి, తన పలుపు విప్పుకుంది. ఎర్రదాని మెడలో తాడు నేను విప్పబోతే చెయ్యి పట్టుకుంది. "గిది నేను పేనిందే గదనే. నాతోని రానియ్యి" అంది. మా ఆయన పాస్‌పోర్టు ఆనాటి నుంచి పెట్టెలోనే ఉంది.

తర్వాత ఎప్పుడు పోయినా అత్త నల్ల చాయే ఇచ్చేది. పాలు అరగవంటూ బుకాయించేది. పాలు పంపిస్తే కోప్పడేది. ఎర్రావును అమ్మెయ్యమని ఊరంతా చెప్పినా వినలేదు. "అది ఏడికి పోతదో నాకు ఎరుకలేదా? దాని తప్పేమున్నది?" అనేది. మాపటేళ, అందరిళ్లలో పాలు పిండే సమయానికి, పీట వేసుకుని ఎర్రావు పక్కన కూర్చునేది. ఒళ్లు తడిమి పిడుదులు తీసేది, దానితో ఏదో ముచ్చట పెట్టేది. ఆమె పీట వేయగానే ఆ ఆవు వెనక కాలు ఒకటి అడుగు వెనక్కి పెట్టి, పొట్ట కింద చెయ్యి అందేలా చోటిచ్చేది. చూలు లేని, పాలు లేని ఆవు, పాడి ఆవులాగే అట్లా నిలబడేది.

దినాలు అయ్యాక అత్త కూతురు, మా వదిన, భీవండికి తిరిగి పోవడానికి సంచులు సర్దుకుంది. కొట్టంలో ఎర్రావు మేత ముట్టకుండా నిలబడి ఉంది. అంగడికి తోలుదామని ఎవరో అన్నారు. నేను తీసుకుపోతానన్నాను. మెడలో చూస్తే అదే పలుపు, అరిగినచోటల్లా అత్త కొత్త పోగులు వేసి పేనింది. ఆచారం ప్రకారం విప్పి వదిన చేతికి ఇవ్వబోయాను.

"ఇంటికే తాళమేస్తున్నం. ఇగ పలుపు ఎవలకు ఉంచాలె? ఉండనియ్యి పిల్లా" అని వదిన ఏడ్చింది.

ఇంటికి వచ్చాక మా ఆయన ఆ తాడులో నీలం పోగును చాలాసేపు వేళ్లతో తడుముతూ నిలబడ్డాడు. మాపటికి నేను గిన్నె పట్టుకుని, పీట తెచ్చి నల్లావు పక్కన వేశాను. పీట చప్పుడుకు అవతలి గూటం దగ్గర ఎర్రావు తల తిప్పింది. నెమ్మదిగా వెనక కాలు ఒక అడుగు వెనక్కి పెట్టి, చోటిచ్చి, నిలబడింది.