చెయ్యి చాటున దాచిన అక్షరాలు

టీవీలో వార్తలు వస్తుంటే ఓ మూల నిలబడి చేతులతో మాట్లాడే మనిషిని చూసే ఉంటారు. అలాంటి ఒకావిడకి టీవీ స్టేషన్లో చేతులమ్మ అని పేరు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. సైగల భాష ఆవిడ ముందు ఇంట్లోనే నేర్చుకుంది. అన్నయ్యకి పుట్టుకతోనే వినబడదు. అతనితో పోట్లాడాలన్నా చేతులు తిప్పాల్సిందే మరి!

పోలింగ్ ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున్నే ఆవిడ తల దువ్వుకుంటుంటే అన్నయ్య వీడియో కాల్ చేశాడు. అతను దర్జీ. మెడలో టేపు అలాగే ఉంది.

"నీ చేతులకేమన్నా పిచ్చి పట్టిందా?" అని సైగ చేశాడు. "గురువారం మేనమామని సబ్బుతో కడగడమేంటే?"

"నేనెప్పుడన్నాను?"

అతను ఓ వీడియో పంపాడు. అందులో ఎన్నికల్లో నిలబడ్డ డాక్టరమ్మ బల్ల ముందు కూర్చుని, నీరసంగా చెబుతోంది: "ఒంట్లో బాగాలేదు. పోటీ నుంచి తప్పుకుంటున్నాను. నాకు ఓటెయ్యకండి." కింద ఎడమ మూలన చేతులమ్మ! అదే నల్ల చొక్కా, గడ్డం మీద అదే పుట్టుమచ్చ, మాట మాటకీ కనుబొమలెగరేసే అదే అలవాటు. చేతులు మాత్రం అర్థంపర్థం లేకుండా ఆడుతున్నాయి.

ఆవిడ చేతిలో దువ్వెన జారి కిందపడింది. తనెప్పుడూ డాక్టరమ్మ పక్కన నిలబడిందే లేదు. మరి ఆ నిలబడ్డదెవరు?

ఇంతలో పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచే, "పాపం, డాక్టరమ్మ తప్పుకుందటగా! మా ఆయన నమ్మలేదు. నేనే చెప్పాను, మూలన మనమ్మాయి ఉందిగా, అబద్ధమెందుకవుతుందీ అని" అంది.

ఆ మాటతో చేతులమ్మకి అసలు సంగతి తట్టింది. అబద్ధం చెప్పింది ఎవరో అయితే, దాన్ని నమ్మించింది తన ముఖమన్నమాట!

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎన్నికల ఆఫీసుకి పరిగెత్తారు. ఫిర్యాదులు తీసుకునే అధికారి ఓపికగా విన్నాడు. "ఇలాంటివాటికి కిందటేడే మన రాష్ట్రంలో చట్టం వచ్చిందమ్మా. కంప్యూటర్తో కల్పించిన వీడియో అయితే ఆ సంగతి వీడియోలోనే రాసుండాలి. లేకపోతే తీయించెయ్యొచ్చు, కేసు కూడా పెట్టొచ్చు. కానీ ఫిర్యాదు అభ్యర్థే ఇవ్వాలి. మీరు అభ్యర్థి కాదుగా?"

"ముఖం నాదే కదండీ?"

"మీదే. కానీ చట్టంలో మీలాంటివాళ్ళ మాట లేదు."

చేతులమ్మ అతని దగ్గరే నంబరు తీసుకుని డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ కూడా అప్పుడే వీడియో చూసిందేమో, పది నిమిషాల్లో వచ్చి వాలింది. ఫిర్యాదు మీద సంతకం పెట్టింది.

అధికారి వీడియో మళ్ళీ వేశాడు. అన్నయ్య ఉన్నట్టుండి బల్ల మీద చరిచాడు. ఆపమని సైగ. చేతులమ్మ బొమ్మ మోచెయ్యి ఎత్తిన చోట, చేతికీ నడుముకీ మధ్య సందులో, తెల్లగా ఏదో మెరిసింది. జబ్బ కింద కుట్టు చూసే కళ్ళు కదా అతనివి! అధికారి బొమ్మని పెద్దది చేశాడు. "...టర్తో తయారు చేసిం..." అన్న ముక్క కనిపించింది.

"అంటే రాశారన్నమాట" అన్నాడు అధికారి, నీళ్ళు నములుతూ. "రాసి, మిమ్మల్ని పైన అతికించారు. చట్టంలో రాయాలనే ఉంది. కనబడేలా రాయాలని లేదు."

చేతులమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. వినబడనివాళ్ళకి నాలుగు మాటలు అందించే మనిషిని, అందరికీ కనబడాల్సిన మాట మీద గుడ్డలా కప్పారు.

అధికారి ఫోన్ మీద ఫోన్ చేశాడు. "కనబడని రాత రాతే కాదు, తీయించెయ్" అని పైఅధికారి చెప్పేసరికి మధ్యాహ్నం మూడైంది. సాయంత్రానికి వీడియో పోయింది. కానీ అప్పటికే ఊరంతా చూసేసింది. చేతులమ్మ డాక్టరమ్మని టీవీ స్టేషన్కి తీసుకెళ్ళింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కెమెరా ముందు నోటితోనూ చేతులతోనూ సొంత మాట చెప్పింది: "అది నేను కాదు. ఆవిడ తప్పుకోలేదు."

పోలింగ్ రోజు వరసలో ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగి, "డాక్టరమ్మ పోటీలో లేదని నువ్వే చెప్పావుగా తల్లీ?" అంది. డాక్టరమ్మ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ వీడియో వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. కాదని చెప్పగలవాళ్ళూ లేరు.

ఆర్నెల్లకి చట్టం మార్చారు. రాత పైభాగాన, ఏదీ అడ్డం రాకుండా ఉండాలి. ఎవరి ముఖం వాడితే వాళ్ళే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ వార్తని సైగల్లో చెప్పింది కూడా చేతులమ్మే. వీడియో చేసినవాళ్ళు మాత్రం ఇంతవరకూ దొరకలేదు. తన ముఖం ఇంకా ఎవరి కంప్యూటర్లోనో ఉంది, ఏం చెప్పమంటే అది చెబుతుంది.