ఉప్పునీళ్ళ సీసా

బంగారుపాళ్యం నుంచి వచ్చిన పెట్టె మూత తీయగానే బేనీషా మామిడిపండ్ల వాసన ఇల్లంతా నిండింది. ఏటా ఈ వాసన తగిలినప్పుడల్లా, పండ్లు పంపిన మునెమ్మ కంటే ముందు నాకు డాక్టర్ వనజాక్షి గుర్తొస్తారు. తిరుపతిలో ఆమె ల్యాబులో నేను ఇరవై రెండేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. కణితి ముక్కలను మైనంలో పొదిగి, పల్చగా కోసి, గాజుపలకల మీద రంగులు వేయడం నా పని. సూక్ష్మదర్శినిలో చూసి జబ్బు సంగతి తేల్చడం ఆమె పని.

మునెమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేది. రొమ్ము క్యాన్సర్ అని తేలాక పలమనేరులో ఆపరేషన్ చేశారు. తీసిన ముక్కను సీసాలో పెట్టుకుని ఆమె భర్త గోవిందు మా దగ్గరికి తెచ్చాడు. కొన్ని కణితులు ఆడవాళ్ళ హార్మోన్లను పట్టుకుని పెరుగుతాయి. అలా పట్టుకునే గ్రాహకాలు ఉంటే మా పరీక్షలో కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి. అప్పుడు రోజుకో మాత్రతో జబ్బు తిరగబెట్టకుండా ఏళ్ళ తరబడి కాపు కాయవచ్చు. గ్రాహకాలు లేకపోతే ఆ మాత్ర పనిచేయదు. మునెమ్మ పలక మీద ఒక్క గోధుమ చుక్క లేదు.

నేను అన్నీ చదివినవాడిలా అన్నాను: “ఆశ్చర్యమేముంది మేడమ్? తెల్లజాతి ఆడవాళ్ళతో పోలిస్తే అమెరికాలోని నల్లజాతి వాళ్ళలో, మనవాళ్ళలో గ్రాహకాలు లేని రకం ఎక్కువని పుస్తకాల్లోనే ఉండాది కదా!”

ఆమె తల ఎత్తలేదు. “లెక్క జనానిదప్పా. ముక్క మునెమ్మది. ఈడ సూడు, కణితి పక్కనే మామూలు పాలనాళం ఉండాది. దాంట్లో గ్రాహకాలు ఎప్పుడూ ఉంటాయి, దాంట్లోనన్నా రంగు రావల్ల కదా? అదీ రాలేదు. సీసా వచ్చినప్పుడు ఎట్లుండె?”

ఇక దాచలేక డైరీ సంగతి చెప్పేశాను. సీసా వచ్చిన రోజే డైరీలో రాసుకున్నాను: ‘మూత తీస్తే కళ్ళు మండలేదు.’ ముక్క చెడకుండా పోసే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండితీరాలి. ఇంటికెళ్ళి రాసుకున్నానే గాని ఆమెకు అప్పుడు చెప్పలేదు.

గోవిందును పిలిపించాం. “బస్సులో మందునీళ్ళు కారిపోయినాయి మేడమ్. మా ఫ్యాక్టరీ కాడ దిగి, కాయముక్కలు ఊరేసే ఉప్పునీళ్ళు నింపుకోనొచ్చినాను. ఏడాదైనా చెడదు!” అన్నాడు గర్వంగా.

ఆమె పకపకా నవ్వారు. “పెండ్లాన్ని ఊరగాయ పెట్టేసినావు గదబ్బా!”

నావైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. “డైరీ నీకు, నారాయణా. నోరు నాకు కావల్ల. జాతికీ జాతికీ తేడాలు ఉండేది నిజమే. కానీ ఇట్లా ఫార్మలిన్ లేక చెడిపోయి రంగు పట్టని ముక్కలెన్ని మనవాళ్ళ లెక్కలో కలిసినాయో! మనం చెడగొట్టింది గూడా జాతి గుణమైపోతే ఎట్లప్పా?”

ఆపరేషన్‌కు ముందు, జబ్బు తేల్చడానికి సూదితో తీసిన సన్నని ముక్క మా దగ్గరే మైనం దిమ్మలో భద్రంగా ఉంది. ఈసారి దాని మీద గ్రాహకాల పరీక్ష చేశాం. ఆమె చూసి, లేచి తన కుర్చీ నాకిచ్చారు. కాఫీపొడి చల్లినట్టు కంటినిండా గోధుమ చుక్కలు!

“పో, బయట కూర్చోనుండే మునెమ్మకు నువ్వే చెప్పు” అన్నారు. డైరీ సంగతి, డాక్టరమ్మ అన్న మాటతో సహా అంతా చెప్పాను. మాత్ర పనిచేస్తుందని వినగానే గోవిందు మా వరండాలోనే చిందులేశాడు. “సాల్లే, ఊరగాయోడా!” అని మునెమ్మ కసురుతూనే కళ్ళు తుడుచుకుంది.

డాక్టరమ్మ పోయి మూడేళ్ళయింది. నేను ఇప్పటికీ డైరీ రాస్తాను. అయితే చెప్పవలసినవాళ్ళకు చెప్పాకే రాస్తాను.

ఇందాకే మునెమ్మ ఫోన్ చేసింది. “పండ్లు ఎట్లుండాయన్నా?”

“తేనె మాదిరి ఉండాయమ్మా. రెండు మాత్రం తొడిమ కాడ నల్లబడినాయి.”

అవతల పెద్ద నవ్వు. “డాక్టరమ్మ యాడికీ పోలేదన్నా. నీ నోట్లోనే ఉండాది!”