గోడకెక్కని తెడ్డు

పోయిన బుధవారం పొద్దున నంద్యాలలో నేను పనిచేసే బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఆళ్లగడ్డ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, టీచరమ్మ పోయినాది. కుర్చీలో కూచోనుండంగానే పోయినాది" అంది.  నేను, ఏం చేస్తూ పోయిందే అని అడిగాను. చావు కబురు చెప్పిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది? కానీ చెల్లెలికి అర్థమైంది. ఎవరిదో పాత ఇడ్లీ రేకుకు పచ్చరంగు వేస్తూ ఉందట. ఎనభై దాటిన మనిషి, నచ్చిన పని చేతిలో ఉండగా పోయింది. ఇంతకంటే మంచి చావు ఉంటుందని నేననుకోను.

ఆమె మా అక్కాచెల్లెళ్లకు ఆళ్లగడ్డ బడిలో డ్రాయింగు, చేతిపనులు నేర్పిన టీచరు. రిటైరై ఇరవై ఏళ్లు దాటినా ఊళ్లో అందరికీ టీచరమ్మే. మా ఊళ్లో ఏ సందులోకి పోయినా ఉలి చప్పుడు వినిపిస్తుంది. రాళ్లతో దేవుళ్లను చేసే ఊరు. అలాంటి ఊళ్లో ఉండి ఆవిడ చిల్లుపడిన గిన్నెల మీద పడింది. ఆమె వరండాలో మురుకుల గొట్టాల్లోంచి మనీప్లాంటు తీగలు వేలాడేవి. అరిగిపోయిన అప్పడాల కర్ర తువ్వాళ్లు ఆరేసుకునే దండెం అయింది. తురుము రేకును గుండ్రంగా చుట్టి లోపల బల్బు పెట్టింది. దీపం వేస్తే గోడంతా చుక్కలే. అడుగు మాడిన సత్తు గిన్నె మూత గడియారమైంది. దానికి ముళ్లు రెండు చెంచా కాడలు. ఆ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు వెనక నడిచేది. చెంచాలు బరువు కదా, పాపం లాగలేకపోతోంది అనేది.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ఎవరైనా పాత సామాను తెచ్చి, దీన్ని అందంగా చేసివ్వు టీచరమ్మా అంటే వెంటనే తీసుకునేది కాదు. ముందు దాంతో వంట చేసి చూసేది. అట్లకాడ తెస్తే అట్టు పోసి తిప్పేది. పెనం తెస్తే రొట్టె కాల్చేది. అది పనిచేసిందా, కడిగి తుడిచి తిరిగి చేతిలో పెట్టేది. ఆ రొట్టె కూడా తినిపించి పంపేది. నిజంగా పని చేయలేకపోతేనే సుత్తి, కటింగ్‌ ప్లేయరు బయటికి తీసేది. సొట్టలు మాత్రం తీసేది కాదు. సొట్ట పోతే అది ఎవరింటిదో ఎట్లా తెలుస్తుందని అడిగేది.

మా చెల్లెలు ఎనిమిదో తరగతిలో ఉండగా, ఇంట్లో పనికిరాని గరిటె ఒకటి తెమ్మంది టీచరమ్మ. మా ఇంట్లో పనికిరానిదంటూ ఏదీ లేదు. అమ్మ అలా ఉంచేది కాదు. మా చెల్లెలు ఏం చేసిందంటే, కొత్త గరిటెను గుమ్మం దగ్గర రాయి పెట్టి బాది, వంకర చేసి తీసుకుపోయింది. టీచరమ్మ ఒక్క చూపు చూసింది. సాయంత్రం ఆ గరిటెను సాపు చేసి, మా చెల్లెల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చి అమ్మకిచ్చింది. కొట్టొద్దని చెప్పడానికే వచ్చానంది. గరిటెను ఎడమచేత్తో బాదినా దెబ్బలు గురి తప్పకుండా పడ్డాయని మెచ్చుకుంది కూడా. మిగతా టీచర్లు మా చెల్లెలి ఎడమచెయ్యి మీద స్కేలుతో కొట్టేవాళ్లు. ఈవిడ ఒక్కతే ఆ చేతికే కత్తెర ఇచ్చింది.

నాలుగేళ్ల కిందట మా అమ్మ పోయింది. ఆదరణ కూడిక ప్రార్థన అయ్యి పాస్టరుగారు వెళ్లిపోయాక, వంటింట్లో అమ్మ సంగటి తెడ్డు దగ్గర మేమిద్దరం మాటా మాటా అనుకున్నాం. మంచంలో ఉన్న ఏడాదీ అమ్మను చూసుకుంది చెల్లెలు. నేను నంద్యాల నుంచి ఆదివారాలు వచ్చి పోయేదాన్ని. చుట్టంలాగా వచ్చి పోయినావని అంది. ఆ మాట నిజమే, అందుకే మండింది. ఇల్లు నీకు, తెడ్డు కూడా నీకేనా అని, దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కేశాను. ఎనిమిది నెలలు మాటల్లేవు. నాకున్నది ఆ ఒక్క చెల్లెలు. అయినా ఫోన్ చేయలేదు, మొండితనం నాది.

ఆ తెడ్డుతో నేను సంగటి చేసిందీ లేదు. హాల్లో గోడకు పెట్టుకుందామని, చుట్టూ చెక్క చట్రం కట్టించుకోవడానికి టీచరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె తెడ్డును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, పొయ్యి మీద ఎసరు పెట్టింది. నా మణికట్టులో బలం లేదు, నువ్వే గెలకాల అంది. గిన్నె కదలకుండా పట్టుకునే మనిషి కూడా కావాలని పక్క సందులో ఉన్న మా చెల్లెలికి కబురు పంపింది.

చెల్లెలు వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. బియ్యం ఉడికి, రాగిపిండి పడ్డాక ఆగడానికి లేదు కదా. గుడ్డతో గిన్నె పట్టుకుని కూర్చుంది. నేను గెలకడం మొదలుపెట్టాను. తెడ్డు నా చేతిలో తిరగదు. అంచు గిన్నెకు ఆనదు. పిండంతా ఉండలు కట్టింది. టీచరమ్మ మమ్మల్ని చోట్లు మారమంది. చెల్లెలు ఎడమచేత్తో తెడ్డు పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పిందో లేదో, గిన్నె అడుగు నుంచి పిండి నున్నగా లేచింది. అప్పుడు చూశాను. తెడ్డు ఒక పక్కే అరిగి ఉంది. అమ్మ అన్నం కుడిచేత్తో తినేది గానీ, పొయ్యి దగ్గర ఎడమచెయ్యే ఆడేది. నలభై ఏళ్లు ఆ చేతి వంట తిని నేను గమనించనే లేదు. సిగ్గేసింది. చెల్లెలి మీద అసూయ కూడా వేసింది, దాచుకోవడం ఎందుకు.

"ఇది ఇంగా బాగ పనిచేస్తాండాది మ్మే" అంది టీచరమ్మ నాతో. "పనిచేసేదాన్ని గోడకు తగిలిస్తే, ఊపిరున్న మనిషికి పటం కట్టినట్టుంటాది."

చెల్లెలు తెడ్డు కడిగి నా ముందు పెట్టింది. "తీస్కపో అక్కా. నీ హాల్లోనే పెట్టుకో."

"వద్దులే. నాకు గెలకనీకి రాదు" అన్నాను.

ముగ్గురం సంగటి ముద్దలు, ఊరిబిండి పచ్చడి వేసుకుని తిన్నాం. టీచరమ్మ రెండు ముద్దలు తిని, నాకు ఆకలైనప్పుడల్లా చెల్లెలింటికి పొమ్మని హుకుం వేసింది. అక్కణ్నుంచి నాలుగైదు నెలల్లోనే నంద్యాల బస్సు దిగి ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. ఆ తర్వాత కూడా ఆగలేదు. గోడకు పెట్టుకునే వస్తువు కోసం పోయినదాన్ని, చెల్లెల్ని తెచ్చుకున్నాను. ఇది నేను టీచరమ్మ ముఖం మీద ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే, పని చూసుకో పో అనేది.

బుధవారం మధ్యాహ్నం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక అందరూ తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. మా చెల్లెలు వంగి మన్ను తీసుకుంది. పక్కనున్న సంఘం పెద్దమ్మ ఒకావిడ మెల్లగా, "కుడిచేత్తో ఎయ్ పాపా" అంది. తప్పుగా అన్నది కాదు, పద్ధతి చెప్పింది. కానీ నలభై నిండిన నా చెల్లెలు బడిపిల్లలా చెయ్యి వెనక్కి తీసేసుకుంది. వేళ్ల సందుల్లోంచి మన్ను జారిపోతోంది.

నేను కిందికి వంగి, ఎడమచేత్తో మన్ను తీసుకుని వేశాను. అలవాటు లేని చెయ్యి. సగం నా చీర కుచ్చిళ్ల మీదే పడింది. పెద్దమ్మ నా వైపు చూసింది. చెల్లెలు కూడా చూసింది. దాని కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"నీకు మన్నెయ్యనీకి గూడా రాదు కదక్కా" అంటూ ఎడమచేతి నిండా మన్ను తీసుకుంది.